మూడు కాళ్ళ గొర్రెపిల్ల

పెళ్ళికి నాన్న బీరువా కొంటానంటే నేను వద్దన్నాను. దాని బదులు స్క్రోల్ సా కొనమన్నాను. బల్ల మీద బిగించే చిన్న రంపం మిషను అది. పోచలాంటి బ్లేడు కుట్టుమిషను సూదిలాగా పైకీ కిందికీ ఆడుతుంటే, మనం చెక్కను ఎటు తిప్పితే అటు తెగుతుంది. ఆకు కావాలంటే ఆకు, చేప కావాలంటే చేప. డిగ్రీలో కెమిస్ట్రీ చదువుకుంటూ, హాస్టల్ గదిలో చేతిరంపంతో ప్లైవుడ్డు ముక్కలు కోసి, రాలిన పొట్టుకి వార్డెన్ చేత తిట్లు తిన్నదాన్ని నేను. నాన్న మొదట నవ్వాడు, తర్వాత విశాఖపట్నం వెళ్ళి తెచ్చాడు. టెక్కలి నుంచి ఉద్దానంలోని మా అత్తవారింటికి సారె వచ్చిన రోజున, లడ్డూ బుట్టలకీ అరటి గెలలకీ మధ్య అది కూడా ఒక పెళ్ళికూతురులా కూర్చుని వచ్చింది.

సారె చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళు దాని చుట్టూ తిరిగారు. ఒకావిడ కుట్టుమిషనా అని అడిగింది. కాదు, వడ్రంగి మిషను, పిల్లతో పాటు పని కూడా పంపించారు అని ఇంకొకావిడ అంటే అందరూ నవ్వారు. మా అత్త విమలకుమారి నవ్వలేదు. మధ్య గదిలో ఖాళీ చేయించి, కొత్తగా సున్నం వేయించి ఉంచిన గోడ వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. బీరువా కోసం ఉంచిన గోడ అది.

ఆ చూపు నేను పట్టించుకోలేదు. ఆ రోజుల్లో నేను ఏదీ పట్టించుకునేదాన్ని కాదు. సాయంత్రం పలాస నుంచి వచ్చే బస్సుల్లో, మందుల షాపులో పని చేసే నా మొగుడు ఇమ్మానుయేలు ఉన్న బస్సు హారను ఏదో కళ్ళు మూసుకుని చెప్పగలిగేదాన్ని. ఆయన చొక్కా జేబులో పొట్లం కట్టి తెచ్చే వేయించిన జీడిపప్పు ఇంకా వెచ్చగా ఉండేది. కొబ్బరి మట్టల నీడ గోడ మీద ఊగితే చూస్తూ నిలబడేదాన్ని. చుట్టుపక్కల ఇళ్ళ కిటికీ ఊచలు సముద్రపు గాలికి తుప్పుపట్టి రాలుతుంటే, మా ఇంటి ఊచలు మాత్రం నల్లగా నిగనిగలాడేవి. అవి చూసినా నాకు గర్వమే. గాలి పలాస వైపు నుంచి తిరిగితే జీడి తొక్కలు కాలే ఘాటు వాసన ఊరంతా కమ్మేది. ముక్కు మండించే ఆ వాసన కూడా నాకు మా కొత్తింటి వాసనై ముద్దొచ్చింది. తర్వాత నన్ను ముంచింది ఆ ముద్దే.

పెరట్లో కొబ్బరికాయలు పోసుకునే రేకుల సాల ఉంది. అందులో ఒక మూల బల్ల వేసి మిషను బిగించాం. నేను కోస్తుంటే ఆయన వెనకాల నిలబడి నా మెడ మీద పడ్డ పొట్టు ఊదేవాడు. పొట్టు లేకపోయినా ఊదేవాడు. క్రిస్మస్‌కి వసారాలో పశువుల పాక పెడదామనుకుని ముగ్గురు జ్ఞానులనీ, ఒంటెనీ, గాడిదనీ కోశాను. గొర్రెలు మిగిలాయి. ఈలోగా మా అమ్మ అల్లుణ్ణి పిలిస్తే టెక్కలి వెళ్ళి కొన్నాళ్ళు ఉండి వచ్చాం.

వచ్చిన మర్నాడు పొద్దున్నే గొర్రెపిల్లను మొదలుపెట్టాను. స్విచ్చి వేస్తే మిషను మూలిగింది. బ్లేడును పట్టుకునే పై చేయి, నడుం పట్టేసిన ముసలాయనలాగా ఆగి ఆగి లేచింది. మెల్లగా చెక్కను తోస్తూ మూడు కాళ్ళు కోశాను. నాలుగో కాలు దగ్గర చేయి బిగుసుకుపోయి బ్లేడు టప్పుమని విరిగింది. ఇంకో బ్లేడు వేశాను. అదీ విరిగింది. మూడు కాళ్ళ గొర్రెపిల్ల చెక్కలోనే ఇరుక్కుని నన్ను చూస్తోంది.

నాకు మొదట కోపం రాలేదు. తెలిసినవన్నీ వరసగా చూశాను. బ్లేడు పళ్ళు కిందికే చూస్తున్నాయి. బిగువు సరిగ్గానే ఉంది. కరెంటు సన్నగా వస్తోందేమోనని ఇంట్లో ఫ్యాను తిరిగే తీరు చూశాను, బాగానే తిరుగుతోంది. విచిత్రం ఏమిటంటే మధ్యాహ్నం రేకులు కాలాక వేస్తే మిషను కాస్త ఆడేది. పొద్దున్న చలిలో మళ్ళీ బిగుసుకునేది. ఇదే మాట ఇంట్లో చెబితే, మిషనుకి కూడా చలి వేస్తుందేటి అని మా అత్త అంది. కీళ్ళు విప్పి చూస్తానన్నాను. షాక్ కొడతాది ముట్టుకోకు అంది. మొగుణ్ణి చూశాను. ఆయన కుడిచేతి వేళ్ళకు చుట్టుకున్న ప్లాస్టర్‌ను చూసుకుంటున్నాడు. టెక్కలి వెళ్ళే ముందు షాపులో సీసా పగిలి కోసుకుందని చెప్పాడు. పాపం అనుకుని అంతకు ముందురోజే ఆ వేళ్ళ మీద ఊదాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఊపిరి వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది.

మిషను చూడ్డానికి యోబు మావ వచ్చాడు. మా అత్తకు తమ్ముడు. కాశీబుగ్గలో మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేస్తాడు. సాలలోకి వచ్చి మిషనును ఒకసారి తట్టి, స్విచ్చి వేసి తీసి, వంగి వాసన చూశాడు. అంతే. ఒక్క స్క్రూ విప్పలేదు.

“కాయిల్ కాలిపోనాదే అక్కా. ఆ వాసన సూస్తే తెల్డం నేదా.”

“కొత్తదానికి అప్పుడే కాయిలేటిరా.”

“సైనా సరుకు. మీ వియ్యంకుడు డబ్బా సూసి కొన్నాడు, లోపల సూసి కొన్నేదు.”

కాయిలు కాలితే మిషను మధ్యాహ్నం ఎందుకు ఆడుతుంది మావయ్యా అని అడిగాను. చదువుకున్న పిల్లలకి అన్నీ ప్రశ్నలేనని ఆయన నవ్వాడు. పలాసలో తనకు తెలిసిన కొట్టువాడు ఈ మిషను తీసుకుని మంచి బీరువా ఇస్తాడనీ, సోమవారం పొద్దున్నే ఆటో పంపిస్తాననీ చెప్పాడు. అద్దం ఉన్న బీరువా. అద్దం అన్న మాట దగ్గర మా అత్త మొహం వెలిగింది. క్రిస్మస్‌కి చుట్టాలొచ్చేసరికి మధ్య గదిలో ఉంటాదా అని అడిగింది. ఉంటాదన్నాడు.

అన్నం తింటూ వాళ్ళు నా మిషనుకి పెళ్ళిచూపులూ సాగనంపులూ అన్నీ తేల్చేశారు. సరుకు చూసి కొనడం తెలియని మనిషని మా నాన్నను మూడుసార్లు అన్నారు. నా మొగుడు పప్పన్నం కలుపుకుంటూనే ఉన్నాడు. కలిపిన అన్నాన్నే మళ్ళీ కలిపాడు. నాకు చెవులు వేడెక్కాయి. నా మిషను, నా సారె, మా నాన్న. ఈ మూడింటి గురించి మాట్లాడుతున్నప్పుడు ఈయన నోట్లోంచి ఒక్క మాట రాదా? గదిలోకి వెళ్ళాక అడిగితే, అమ్మతో గొడవెందుకు సుహా, బీరువా కూడా మంచిదే కదా అన్నాడు. ఆ రాత్రి నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. పెళ్ళయ్యాక అదే మొదలు.

శనివారం అత్త బీరువా చూడ్డానికి తమ్ముడితో పలాస వెళ్ళింది. మా ఆయన షాపుకి వెళ్ళాడు. ఇంట్లో నేనొక్కదాన్నే. ప్లగ్గు పీకేసి, సాలలో గోనె పరుచుకుని మిషను విప్పాను. కాయిలు కాలిందో లేదో తేల్చడానికి వాసన చూడక్కర్లేదు. మోటారునూ చేతులనూ కలిపే కడ్డీ ఒకటుంటుంది. దాన్ని ఊడదీసి మోటారును ఒంటరిగా తిప్పి చూస్తే చాలు. తిప్పాను. తుమ్మెదలా తిరిగింది. మూలుగు లేదు, వేడి లేదు. సంతోషంతో గోనె మీద కూర్చుని ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఇంత చిన్న పరీక్ష చేయడానికి ఆ పెద్దమనిషికి చేతులు రాలేదు. దాని కోసం మా నాన్న మాటలు పడ్డాడు.

మోటారు బాగుంటే జబ్బు చేతుల్లో ఉంది. పై చేతిని పట్టుకుని ఆడించాను. కదల్లేదు. రెండు చేతులతో తోసి చూస్తే బంకలోంచి కాలు తీసినట్టు కదిలింది. కీలు దగ్గర నల్లగా, పొట్టు కలిసి, ఏదో గట్టిపడి ఉంది. స్క్రూడ్రైవరుతో గీకి, బొటనవేలితో నలిపి చూశాను. వాసన చూశాను. ఊరంతా ఉండే వాసనే. ఫ్యాక్టరీలో వేసిన గ్రీజు కాబోలు, ఇలా ముదిరిందేమిటా అనుకుంటున్నాను. అంతలో వెనక నుంచి అత్త గొంతు వినిపించింది. విప్పిన మిషనుని ఎవడు తీసుకుంటాడు, ఎక్కడిదక్కడ బిగించెయ్ అంది. మోటారు తిప్పి చూపిస్తానన్నాను. వినలేదు. పొద్దుగూకుతోంది, బిగించి బయటికి రా అంది.

పొద్దుగూకడం అంటే ఆ ఇంట్లో మామూలు మాట కాదు. మామగారు నేను రాకముందే పోయారు. కిడ్నీలు. ఉద్దానంలో ఆ ఒక్క మాట చెబితే ఇంకేమీ అడగరు. ఆయన పెట్టిన కట్టుబాటు ఇంకా నడుస్తోంది. శనివారం పొద్దుగూకేసరికి కత్తి, గునపం, పార, నిచ్చెన, ఆఖరికి కొబ్బరి పీచు తీసే ఇనుము కూడా సాలలోకి వెళ్ళిపోవాలి. సాలకు తాళం పడుతుంది. ఆదివారం దేవుడిది. సోమవారం పొద్దున్న తాళం తీస్తారు. ఈసారి తాళం తీసేది ఆటో వచ్చాకే. తాళం చెవి అత్త బొడ్లో దోపుకుంటుంటే చూస్తూ నిలబడ్డాను. జబ్బు ఎక్కడుందో కనిపెట్టి కూడా ముట్టుకోలేని కోపం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

అది డిసెంబరులో మొదటి ఆదివారం. మా బాప్టిస్టు సంఘంలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం వరసలవారీగా అందిస్తారు. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు. పాస్టరుగారు ఆ రోజు ఓర్పు గురించి మాట్లాడారు. ఎప్పుడూ నాకు ఇష్టమైన గొంతే. ఆ రోజు ప్రతి మాటా సాల తాళంలా వినిపించింది. పైగా బొటనవేలు ఒకటే మంట. స్క్రూడ్రైవరు ఒత్తిడికి బొబ్బ లేచిందనుకున్నాను.

ద్రాక్షరసం గిన్నెల పళ్ళెం మోసే వంతు ఆ రోజు కుర్రాళ్ళలో ఇమ్మానుయేలుది. పళ్ళెం పట్టే ముందు చేతులు కడుక్కోమని పెద్దలు అంటారు. కడుక్కునేటప్పుడు ప్లాస్టర్ ఊడిపోయినట్టుంది. మా వరసకు వచ్చి వంగి పళ్ళెం చాచాడు. పళ్ళెం అంచు పట్టుకున్న ఆయన వేళ్ళు నా కళ్ళ ముందే ఉన్నాయి.

సీసా కోసిన చర్మం అలా ఉండదు. ప్రతి వేలి కొసా నల్లబడి, ఉల్లిపొరలా పైతోలు లేచిపోతోంది. హాస్టల్లో నా గదిలో ఉండే పలాస పిల్ల ప్రమోదిని వాళ్ళమ్మ వేళ్ళు అలాగే ఉండేవి. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళందరి వేళ్ళూ అంతే. జీడి నూనె తాకితే తోలు ఒలుచుకుపోతుంది. నేను నా బొటనవేలు చూసుకున్నాను. బొబ్బ చుట్టూ నల్లటి అంచు.

పళ్ళెం వైపు, వేళ్ళ వైపు, ఆయన మొహం వైపు చూశాను. మొత్తం ఒక్కసారిగా అర్థమైంది. జీడి నూనె ఆరినకొద్దీ బంకవుతుంది, బంక ముదిరితే లక్కలా గట్టిపడుతుంది. దాన్ని బండ్ల బ్రేకుల సామానులో కలుపుతారని మా కెమిస్ట్రీ మేడమ్ చెబితే అండర్‌లైన్ చేసుకున్నదాన్ని నేను. నా మిషను కీళ్ళకి నా మొగుడే బ్రేకు వేశాడు. వేసి, సీసా పగిలిందన్నాడు. అన్నం కలుపుకుంటూ కూర్చున్నాడు.

మనసులో ఒకరి మీద కోపం పెట్టుకుని ప్రభువు బల్లలో పాలు పొందకూడదని నన్ను చిన్నప్పటి నుంచీ పెంచారు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. గిన్నె తీసుకోలేదు. తల అడ్డంగా ఊపాను.

ఆయన పళ్ళెం పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాడు. పక్కనున్న ధనమ్మగారు మోచేత్తో పొడిచారు. ముందు వరస వాళ్ళు వెనక్కి తిరిగారు. రెండు నెలలు కాని కొత్త కోడలు, మొగుడు చాచిన పళ్ళెంలోంచి బల్ల తీసుకోకపోవడం ఆ మందిరంలో ఎవరూ చూసి ఉండరు. రెండు వరసల ముందు మా అత్త వీపు కర్రలా బిగుసుకుంది. తిరిగి చూడలేదు.

ఆరాధన అయ్యాక ఆయన బోరింగు దగ్గర నన్ను పట్టుకున్నాడు. కోపం వస్తే నా డిగ్రీ ఎటు పోతుందో తెలీదు, మా టెక్కలి మాట వచ్చేస్తుంది.

“సేతి ఏళ్ళకి ఏటైనాది బావా?”

“సీసా పగిలిందని సెప్పేను కదా.”

నా బొటనవేలు ఆయన కళ్ళ ముందు పెట్టాను. “మరి నాకు ఏ సీసా పగిలినాది?”

ఆయన వేలును చూశాడు, నన్ను చూశాడు. తర్వాత బోరింగు గట్టు మీద కూర్చుని మొత్తం చెప్పాడు. టెక్కలి వెళ్ళే ముందు రోజు, నేను బట్టలు సర్దుతుంటే, కాచిన జీడి నూనె డబ్బా తెచ్చి మిషనంతా రాశాడట. మేం లేనన్నాళ్ళూ ఉప్పు గాలికి తుప్పు పట్టకూడదని. వచ్చాక నిగనిగలాడే మిషను చూపించి నన్ను ఆశ్చర్యపరుద్దామని.

“నాన్న కిటికీ ఊచలకి ఏటేటా రాసేవోడు సుహా. సూడు, ఇన్నేళ్ళైనా సుక్క తుప్పు నేదు.”

“ఊచలు ఆడతాయా?”

ఆయన పక్కనున్న బోరింగు చేతిని ఒకసారి కిందికి నొక్కాడు.

“ఊచ కదలకుండా ఉండాలి. మిషను చెయ్యి కదలాలి. అంత తెలీదా. పోనీ తెలీదు. నూనెలాటిదే కదా, మంచిదే అనుకున్నావు, ఒప్పుకుంటాను. ఎప్పుడు తెలిసినాది నీకు?”

“మావ కాయిలన్నాడు కదా. కాయిలే అయ్యుంటాదనుకున్నాను.”

“అనుకున్నావా, కాయిలైతే బాగున్ను అని కోరుకున్నావా?”

తల దించుకున్నాడు. ఆ దించుకున్న తలలో సుడి నాకెంతో ఇష్టం. ఇష్టమైందని గుర్తొచ్చి ఇంకా మండింది.

“మా నాన్నకి సరుకు సూడ్డం రాదన్నారు. నీ ముందే అన్నారు. నువ్వు పప్పన్నం కలుపుకుంటన్నావు. నాకోసం రాసిన నూనె గురించి నాకే అబద్ధం చెప్పి, దాన్ని ఆటో ఎక్కించేద్దామనుకున్నావు.”

“అమ్మ తిడతాదని.”

“నన్ను తిడితే పర్లేదా?”

మిషను సంగతి నేను చూసుకుంటానన్నాను. ఇంటికి వెళ్ళి, యోబు మావయ్య ఉండగానే, తన నోటితో తల్లికి చెప్పమన్నాను. చెప్పేదాకా నాతో మాట్లాడొద్దన్నాను. ఇంటిదాకా ఆయన నా వెనకాల పది అడుగుల దూరంలో నడిచాడు. దారిలో పాపం అనిపించింది. అనిపించినందుకు నా మీద నాకే కోపం వచ్చి అడుగులు పెద్దవి వేశాను.

ఆదివారం కోడికూర. యోబు మావయ్య అప్పటికే పీట మీద కూర్చుని ఉన్నాడు. నేను బల్ల తీసుకోని సంగతి ఆయనకు అప్పటికే అందింది కాబోలు, నన్ను చూసి దగ్గాడు. అత్త ఎవరి మొహమూ చూడకుండా వడ్డిస్తోంది. ఇమ్మానుయేలు పీట మీద కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. మిషనుకి జీడి నూనె రాసింది తనేననీ, కీళ్ళు దానివల్లే పట్టేశాయనీ, మామగారు మంచి సరుకే కొన్నారనీ చెప్పాడు. మధ్యలో రెండుసార్లు ఆగాడు, ఆ మిషనులాగే. కానీ మొత్తం చెప్పాడు.

యోబు మావయ్య ఎముక పక్కన పెట్టి, “అయితే కాయిల్ కూడా కొంచెం...” అన్నాడు.

“నిన్న మోటారు విడిగా తిప్పేను మావయ్యా,” అన్నాను. “తుమ్మెదలా తిరిగినాది.” ఆయన మళ్ళీ ఎముక తీసుకున్నాడు.

అత్త కూర వడ్డిస్తూనే ఉంది. ఆశ్చర్యపోలేదు. అప్పుడు నాకు ఇంకొకటి వెలిగింది. మా అత్త పెళ్ళికి ముందు పలాసలో జీడిపిక్కలు కొట్టిన మనిషి. జీడి కొట్టిన వేలు ఎలా ఉంటుందో ఆ ఇంట్లో ఆవిడకి తెలిసినంత ఎవరికి తెలుసు? నేను వంటింట్లో ఉంటే, కొడుకు వేళ్ళ ప్లాస్టర్ మార్చి రోజూ కొబ్బరినూనె రాసిందీ ఆవిడే.

“అత్తా, మీకు తెలుసు,” అన్నాను.

గరిటె కూరలోనే ఆగింది. ఆవిడ నా వైపు తిరిగింది.

“తెలీకేటి. ఆడు టెక్కలి నుంచి వచ్చిన్నాడే తెలుసు నాకు. నాకు బీరువా కావాల. నేను కాపరానికొచ్చినప్పుడు రేకు పెట్టె తెచ్చుకున్నాను. ఇప్పటికీ నా కోకలు అందులోనే ఉన్నాయి. కోడలు బీరువా తేకపోతే ఊరు ఎవర్నంటాది, నిన్నా? నన్నంటాది.”

ఇంత నిజం ఒక్కసారి వింటానని నేను అనుకోలేదు. అడిగితే మా నాన్న రెండూ తెచ్చేవాడు కదా అనబోయి ఆగాను. ఎవరూ ఆవిణ్ణి ఏం కావాలని అడగలేదు. నేనూ అడగలేదు. అలాగని నా కోపం తగ్గలేదు. “మీకు బీరువా కావాలని మా నాన్న మాట పడాలా?” అన్నాను.

అత్త గరిటె పక్కన పెట్టింది. చేతులు కడుక్కుని, బొడ్లోంచి తాళం చెవి తీసి, పెరటి వైపు నడిచింది. మేం ముగ్గురం వెనకాలే వెళ్ళాం. ఆదివారం మిట్టమధ్యాహ్నం మా అత్త సాల తాళం తీసింది. మామగారి కట్టుబాటు తెలిసిన యోబు మావయ్య, అక్కా ఏటి సేత్తన్నావు అన్నాడు.

“రంపం తిప్పితే పని,” అంది ఆవిడ. “కడిగితే పనేటి. ఆదివారం గిన్నెలు కడగటం నేదా.” తర్వాత నా వైపు చూడకుండానే అంది: “బీరువా నేకపోతే ఊరు నన్నంటాది. పడతాను. నా ఇంటి పిల్ల బల్ల ముట్టకపోతే దేవుడికి నేను సెప్పాల. అది నా వల్ల కాదు.”

కడిగింది ఇమ్మానుయేలు. నేను కడగనన్నాను. షాపు నుంచి తెచ్చిన గ్లవ్స్ వేసుకోమని, మోటారు ఊడదీసి దూరంగా పెట్టమని, కీలులో మేకు ఎటు నుంచి తట్టాలో, ఏ వాషరు ఏ వైపుదో, అన్నీ ఎండలో పీట వేసుకుని కూర్చుని చెప్పాను. చెప్పిన ప్రతిదానికీ ఆయన సరే సరే అన్నాడు. కిరసనాయిలులో నానబెడితే పైబంక కరిగింది. లోపల ముదిరిన పొర కరగలేదు. దానికి ఇంటి రంగులకు తెచ్చిన థిన్నరు వాడాం. గుడ్డ చుట్టిన పుల్లతో, మేకు దూరే గొట్టంలాంటి బుష్‌లోపల తిప్పితే నల్లటి తోలు పొరలు పొరలుగా వచ్చింది. అచ్చం ఆయన వేళ్ళ తోలులాగే ఉంది. అది చూసి నాకు నవ్వొచ్చింది. పెదవి కొరికి ఆపుకున్నాను. అప్పుడే నవ్వితే చవకైపోతాను.

ఇత్తడి బుష్‌లు శుభ్రమయ్యాక ఎండలో బంగారు ఉంగరాల్లా మెరిశాయి. అంత అందంగా ఉంటాయని నాకు తెలీదు. అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశాను. అత్త తన కుట్టుమిషను నూనె సీసా తెచ్చి నా పక్కన పెట్టి వెళ్ళింది. ఒక్కో కీలుకి ఒక్కో చుక్క నేనే వేశాను. ఆ పని ఇంకెవరికీ ఇవ్వలేదు. అన్నీ బిగించాక పై చేతిని వేలితో తాకాను. ఊయలలా ఊగింది. స్విచ్చి మాత్రం వేయలేదు. ఆదివారం కదా. సాలకు మళ్ళీ తాళం పడింది.

సోమవారం తెల్లారి చలిలోనే వేశాను. ఆ చలిలోనే కదా అది రోజూ మొరాయించేది. మిషను ఒక్కసారి ఊపిరి పీల్చి, సన్నగా పాట అందుకుంది. పై చేయి కనబడనంత వేగంగా ఆడింది. బ్లేడు పెట్టి, ఇరుక్కున్న గొర్రెపిల్ల దగ్గరికి చెక్కను తోశాను. వెన్నలా తెగింది. వెనక నుంచి మెడ మీద ఎవరో ఊదారు.

“నేనింకా మాట్లాట్టం నేదు,” అన్నాను తిరగకుండా.

“నేను పొట్టు ఊదుతన్నాను,” అన్నాడు.

నాలుగో కాలుకి గీసుకున్న గీత దగ్గరికి వచ్చి ఆగాను. ఆ కాలు కోస్తే గొర్రెపిల్ల పూర్తవుతుంది, ఏమీ జరగనట్టే ఉంటుంది. చెక్కను తిప్పి, నాలుగో కాలు చెక్కలోనే వదిలేసి, పొట్ట కింద నుంచి అడ్డంగా కోసేశాను. మూడు కాళ్ళతో అది నా చేతిలోకి వచ్చింది.

బయట ఆటో హారను వినిపించింది. ఏటి ఎక్కించాలని డ్రైవరు అడిగాడు. మిషను మోత వినిపిస్తూనే ఉంది. అత్త వసారాలోకి వచ్చి, ఆటో ఖాళీగా ఎందుకు పోవాలి, కొబ్బరికాయలున్నాయి, అవి ఏసుకుని పలాస తీసుకెళ్ళు అంది.

క్రిస్మస్‌కి చుట్టాలందరూ వచ్చారు. మధ్య గదిలో గోడ ఖాళీగానే ఉంది. పండగయ్యాక బీరువా చూడ్డానికి నేనూ అత్తా కలిసి పలాస వెళ్దామనుకున్నాం, అద్దం ఉన్నది ఆవిడ కోకలకి. వచ్చినవాళ్ళు గోడ వైపు చూసే తీరిక లేకుండా వసారాలో పశువుల పాక దగ్గరే ఆగిపోయారు. ఒంటె బాగుందన్నారు, జ్ఞానుల కిరీటాలు బాగున్నాయన్నారు. చివరికి ప్రతి ఒక్కరూ తొట్టికి ఆనుకుని నిలబడ్డ గొర్రెపిల్లను చూసి, దీనికి మూడు కాళ్ళేనేటి అని అడిగారు.

నేను చెప్పలేదు. మొగుడి వైపు చెయ్యి చూపించాను. ఆయన కొత్త తోలు వచ్చిన ఎర్రటి వేళ్ళతో మెడ గోక్కుంటూ, జీడి నూనె దగ్గర మొదలుపెట్టి, మామగారు కొన్న మంచి సరుకు దాకా, మొత్తం చెప్పాడు. చెప్పాక నా వైపు చూశాడు, చాలా అన్నట్టు. వీధి గుమ్మం వైపు చూపించాను. ఇంకో ఆటో వచ్చి ఆగుతోంది.

దిగినవాళ్ళు ముందు అత్తను పలకరించి, పాక దగ్గర ఆగి, గొర్రెపిల్ల గురించి ఆవిణ్ణే అడిగారు.

“మావోణ్ణి అడగండి,” అంది అత్త. “బాగా సెప్తన్నాడు.”